బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైట్ ఆరట్లేదు, సర్వీస్ సెంటర్ వాళ్ళు లక్షా ఇరవై అంటున్నారు

జయనగర్_జయంత్
2021 మోడల్ డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, మాన్యువల్, 58 వేలు తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. మొన్నటిదాకా బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసుకి దీన్లోనే పోయేవాణ్ణి, ఏ గొడవా లేదు. యెల్లో లైన్ మెట్రో మొదలయ్యాక ఆఫీసుకి అదే హాయిగా ఉంది, బండి పొద్దున పాపని స్కూల్లో దించడానికి, సాయంత్రం కూరగాయలకి, అంతే. ఎటు చూసినా రెండు మూడు కిలోమీటర్లు దాటదు. ఇప్పుడు సైలెన్సర్ బొమ్మలో చుక్కలున్నట్టు ఒక పసుపు లైట్ వచ్చి కూర్చుంది. కొన్నాళ్ళకి దానికి తోడు ఇంజిన్ లైట్ కూడా, పికప్ పూర్తిగా పోయింది, రాగిగుడ్డ ఫ్లైఓవర్ ఎక్కమంటే మూలుగుతోంది. సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి కాసేపటికే "డీపీఎఫ్ బ్లాక్ సార్, అసెంబ్లీ మార్చాలి" అని లక్షా ఇరవై వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. వారంటీ లేదు. శుభ్రం చేస్తే పోదా అంటే కంపెనీ ఒప్పుకోదంటాడు. బయట మెకానిక్ ఒకాయన 25 వేలిస్తే లోపలున్నది తీసి పారేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తా, ఇక జన్మలో ఈ బాధ ఉండదు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

పెట్రోల్_పక్షం
ముందు మెట్రో వాళ్ళ మీద కేసెయ్యి బ్రో. అది రాకపోతే నీ బండి బాగుండేది 😂

అనంత_డీజిల్
జోక్ కాదప్పా, నిజమే అది. డీజిల్ బండిని స్కూలుకి, కూరగాయలకి తిప్పితే ఇట్లే అయితాది. పొద్దున్నే లేచి ఎన్‌హెచ్ 44 ఎక్కు, దేవనహళ్ళి దాటినాక నాలుగో గేర్లో పెట్టి బాగేపల్లి దాకా ఆపకుండా తోలు, టిఫిన్ తిని వెనక్కి రా. లైటు దానంతటదే పోతాది. రూపాయి ఇయ్యొద్దు ఎవనికీ.

జయనగర్_జయంత్
@అనంత_డీజిల్ అన్నా మూడో గేర్ దాటితే బండి లాగట్లేదు, 2500 ఆర్పీఎం పైకి పోనే పోదు.

గేర్‌బాక్స్_గిరి
జయంత్ తమ్ముడూ, ఆగు. హైవే ఎక్కకు. ముందు బండి సమంగా ఉన్న చోట పెట్టి, ఇంజిన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూసి చెప్పు. మిగతాది తర్వాత మాట్లాడదాం.

సిల్క్‌బోర్డు_బాధితుడు
ఆయిల్‌కీ సైలెన్సర్ ఫిల్టర్‌కీ ఏంటి సంబంధం? తెలీక అడుగుతున్నా.

గేర్‌బాక్స్_గిరి
ఉంది. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాయి, అప్పట్నుంచి డీజిల్ కార్లకి ఈ ఫిల్టర్ తప్పనిసరి అన్నట్టే. పొగలో మసిని పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని అక్కడికక్కడే కాల్చేసుకోవాలి, దాన్నే రీజెన్ అంటారు. మసి బాగా కాలాలంటే దగ్గర దగ్గర 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద పోతుంటే సైలెన్సర్ ఎటూ వేడిగానే ఉంటుంది కాబట్టి కొంత మసి మనకి తెలీకుండానే పోతుంటుంది. సిటీలో ఆ వేడి రాదు. అందుకని ఫిల్టర్ ఒక మోతాదు నిండగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఏం చేస్తుందంటే, మామూలు ఇంజెక్షన్ అయ్యాక ఇంకొంచెం డీజిల్ ఆలస్యంగా కొడుతుంది. అది సిలిండర్లో కాలకుండా పొగతో పాటు వెళ్ళి కాటలిస్ట్ దగ్గర మండి వేడి పుట్టిస్తుంది. ఈ పని పూర్తవడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది, బండి మాత్రం ఆగకుండా పోతూ ఉండాలి.

నువ్వు స్కూలు గేటు ముందు బండి ఆపేస్తావు. పని మధ్యలో ఆగిపోయింది. సాయంత్రం మళ్ళీ మొదలెడుతుంది, కూరగాయల కొట్టు దగ్గర మళ్ళీ ఆపేస్తావు. ప్రతిసారీ ఆలస్యంగా కొట్టిన డీజిల్లో కొంత సిలిండర్ గోడలకంటుకుని కిందకి ఆయిల్లోకి జారుతుంది. ఆయిల్ పల్చబడుతుంది, లెవెల్ పెరుగుతుంది. ఆయిల్ తగ్గితే అందరూ భయపడతారు, పెరిగితే "మా బండి ఆయిల్ తాగదండీ" అని మురిసిపోతారు. పల్చటి ఆయిల్‌తో హైవే మీద రేజ్ చేస్తే టర్బో, బేరింగులు అరిగిపోతాయి. అందుకే అనంత అన్న సలహా మామూలుగా అయితే నూటికి నూరుపాళ్ళు కరెక్టే, ఈ బండికి ఇవ్వాళ మాత్రం కాదు.

అనంత_డీజిల్
ఒప్పుకుంటా గిరి అన్నా. లైటు ఒక్కటే ఉన్నప్పుడు నేను చెప్పింది. ఇంజిన్ లైటు కూడా వెలిగినాక కథ వేరే.

లలిత_వైట్‌ఫీల్డ్
మా ఇంట్లోనూ డీజిలే. రీజెన్ జరుగుతోందని కనిపెట్టడం పెద్ద కష్టం కాదండి, కాస్త గమనిస్తే చాలు. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు ఐడిల్ మామూలుగా 800 దగ్గరుండేది వెయ్యి దాకా పోతుంది, ఆటో స్టార్ట్ స్టాప్ పని చెయ్యదు, స్క్రీన్ మీద మైలేజ్ అంకె ఠక్కున పడిపోతుంది, ఏదో కాలుతున్న వాసన. ఇవేవీ పట్టించుకోకుండా బేస్‌మెంట్లో ఆపేస్తే తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ హోరుమని తిరుగుతూనే ఉంటుంది. మా వాచ్‌మన్ లిఫ్ట్ దాకా పరిగెత్తుకొచ్చాడు, "మేడం, గాడి ఇన్నూ ఆన్ అల్లే ఇదె" (బండి ఇంకా ఆన్ లోనే ఉంది) అని. పాపం టైర్ల కింద చూస్తున్నాడు ఏమైనా అంటుకుందేమోనని. అప్పట్నుంచి మావారికి ఒకటే రూలు పెట్టా, ఫ్యాన్ ఆగేదాకా ఇంటికి రావొద్దు, ఇంకో రౌండ్ కొట్టి రమ్మని.

పెట్రోల్_పక్షం
లలిత గారూ, ఇది మగవాళ్ళకి వరం. "రీజెన్ అవుతోందే, ఇంకో అరగంట పడుతుంది" 😂

లలిత_వైట్‌ఫీల్డ్
అందుకే ఫోన్లో ఓబీడీ యాప్ నేనే పెట్టుకున్నా. మసి ఎంతుందో అందులో తెలిసిపోతుంది.

హైటెక్_హన్మంతు
ఇంత లొల్లి ఎందుకు వయా, తీసేపియ్యి. మా దోస్తు హైదరాబాద్‌ల తీసేపిచ్చిండు, పికప్ మస్తుగ పెరిగింది, మైలేజ్ కూడ పెరిగింది. 25 వేలు అంటున్నరు గదా, లక్షా ఇరవై యాడ, 25 వేలు యాడ.

కేఆర్‌పురం_కృష్ణ
@హైటెక్_హన్మంతు తప్పుడు సలహా ఇది. మోటార్ వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 చూడండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని ఉంది. రేపు ఏదన్నా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడికి క్లెయిమ్ కొట్టెయ్యడానికి మనమే సాకు అందించినట్టు. అమ్మేటప్పుడు కొనేవాడు స్కానర్ పెడితే దొరికిపోతాం. అన్నిటికంటే, మారతహళ్ళి సిగ్నల్లో నా వెనకాల స్కూటీ మీద చంటిపిల్లని పెట్టుకుని నిలబడే ఆవిడ మొహం మీద ఆ మసి ఊదడం నాకైతే ఇష్టం లేదు.

హైటెక్_హన్మంతు
బీఎంటీసీ బస్సులు ఊదుతలేవా? లారీలు ఊదుతలేవా? మనదొక్కటే కనవడ్తదా?

కేఆర్‌పురం_కృష్ణ
వాళ్ళు ఊదుతున్నారని మనమూ ఊదాలా?

హైటెక్_హన్మంతు
సరె అన్నా. పొల్యూషన్ సర్టిఫికెట్ అయితే వాళ్ళకి వస్తనే ఉంది మరి, అది జెప్తున్న.

గేర్‌బాక్స్_గిరి
పీయూసీలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కించి పొగ ఎంత నలుపో కొలుస్తారు, అంతే. ఫిల్టర్ ఉందా లేదా అని కింద పడుకుని చూడరు. వచ్చిందని అది సక్రమమైనట్టు కాదు. ఇంకోటి, ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో సగం మందికి ఆ పని సరిగ్గా రాదు. ఫిల్టర్ లేదు గానీ ఈసీయూ ఇంకా ఉందనుకుని డీజిల్ కొడుతూనే ఉన్న బండ్లు చూశా.

జయనగర్_జయంత్
గిరి అన్నా, చూశా. మ్యాక్స్ గీత మీద దాదాపు వేలెడు ఎత్తు ఉంది. వాసన చూస్తే డీజిల్ వాసన గుప్పుమంటోంది. టిష్యూ మీద చుక్క వేస్తే ఆయిల్‌లా నిలబడట్లేదు, చుట్టూ పాకిపోయింది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
అయ్య బాబోయ్.

గేర్‌బాక్స్_గిరి
అనుకున్నా. బండి పక్కన పెట్టెయ్. టో చేయించు, నడుపుకుంటూ పోవద్దు. ఫిల్టర్ మార్చాలా వద్దా అనేది సర్వీస్ సెంటర్‌కి తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి, నువ్వు అడగాల్సింది ఇవి. ఫిల్టర్లో మసి ఎన్ని గ్రాములో లేక ఎంత శాతమో. ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెజర్ తేడా ఐడిల్లో ఎంత, రేజ్ చేస్తే ఎంత. చివరిసారి రీజెన్ పూర్తయ్యి ఎన్ని కిలోమీటర్లయింది. స్కానర్ స్క్రీన్ ఫొటో తీసి ఇవ్వమను. "బ్లాక్ అయింది" అని నోటితో చెప్తే దానికి లక్షా ఇరవై ఎవడిస్తాడు?

మసి వేరు, బూడిద వేరు, ఇది బాగా గుర్తుపెట్టుకో. మసి కాలిపోతుంది. ఇంజిన్ ఆయిల్లో కలిపే రసాయనాల వల్ల వచ్చే బూడిద కాలదు, అది లోపలే పేరుకుంటుంది. బూడిదతో నిండిపోయిన ఫిల్టర్ అయితే బయటికి తీసి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. కానీ అది మామూలుగా లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్ల మాట. 58 వేలకి బూడిదతో నిండిందంటే నేను నమ్మను, ఎవరో తప్పుడు ఆయిల్ పోస్తే తప్ప.

నెల్లూరు_నాని
58 వేలు నిజంగా 58 వేలేనా? సెకండ్ హ్యాండ్ అన్నారు కదా. మీటర్ వెనక్కి తిప్పిన బండేమో.

జయనగర్_జయంత్
సర్వీస్ హిస్టరీ మొత్తం చూసే తీసుకున్నా, నంబర్లు సరిపోయాయి. కానీ మధ్యలో ఒక ఆయిల్ చేంజ్ బయట చేయించినట్టుంది, బిల్లు లేదు.

గేర్‌బాక్స్_గిరి
అక్కడేం పోశారో దేవుడికెరుక. ఈ బండ్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిలే పొయ్యాలి, డబ్బా మీద ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో ఉంటుంది. నీ మాన్యువల్లో ఏది రాసుందో అదే. లీటరుకి రెండొందలు మిగులుతాయని వేరేది పోయించొద్దు.

పెట్రోల్_పక్షం
మారుతి 2020లోనే డీజిల్‌కి దణ్ణం పెట్టేసింది. ఊరికే పెట్టిందా?

అనంత_డీజిల్
నెలకి రెండు మూడు వేల కిలోమీటర్లు తోలేవానికి డీజిలే అప్పా. లోడుతో పెనుకొండ ఘాటు ఎక్కించి చూడు, అప్పుడు తెలుస్తాది నీ పెట్రోల్ బండి సంగతి.

నెల్లూరు_నాని
బంకుల్లో డీపీఎఫ్ క్లీనర్ అని చిన్న సీసాలు అమ్ముతున్నారు, ట్యాంకులో పోస్తే చాలంట. ఎవరైనా వాడారా?

లలిత_వైట్‌ఫీల్డ్
మేం వాడాం, తేడా ఏం కనపడలేదు. దాని మీదే చిన్న అక్షరాల్లో రాసుంటుంది, పోశాక హైవే మీద నడపండి అని. హైవే మీద నడిపితే సీసా లేకపోయినా తగ్గుతుంది కదండీ!

ఎలుకల_బోను
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు, మా బండి బోనెట్లో ఎలుకలు దూరి వైర్లు కొరికేస్తున్నాయి, ఎవరన్నా ఉపాయం చెప్పండి. నాఫ్తలీన్ ఉండలు పెట్టా, వాటి మీదే పడుకుంటున్నాయి.

అనంత_డీజిల్
పొగాకు కట్ట కట్టి పెట్టు. మా తావ అందరూ అదే చేస్తారు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
లైటు ఒక్కటే ఉండి ఇంకా ఏమీ కాని బండికి (అంటే నాకు 🙏) బెంగళూరులో ఈ రీజెన్ ఎక్కడ చెయ్యాలి? ఔటర్ రింగ్ రోడ్డు మీద నాలుగు గంటలు తోలినా సగటు వేగం 15 దాటదు.

కేఆర్‌పురం_కృష్ణ
ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్. పది కిలోమీటర్లే గానీ సిగ్నల్ ఉండదు. ఆదివారం పొద్దున ఆరింటికి పోయి అటు నుంచి అత్తిబెలె వైపు సాగితే సరిపోతుంది.

లలిత_వైట్‌ఫీల్డ్
మా వైపు వాళ్ళకి హొస్కోటె దాటాక కోలార్ రోడ్డు. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేలో కర్ణాటక భాగం తెరిచాక ఇంకా హాయి.

నెల్లూరు_నాని
నైస్ రోడ్?

పెట్రోల్_పక్షం
నైస్ రోడ్డు టోల్ కట్టే బదులు కొత్త ఫిల్టర్ కొనుక్కోవడం చవక 😂

గేర్‌బాక్స్_గిరి
రోడ్డు ఏదైనా ఒకటే. ముందు ఇంజిన్ బాగా వేడెక్కనివ్వు. ట్యాంకులో డీజిల్ రిజర్వుకి దగ్గరుంటే చాలా బండ్లు రీజెన్ మొదలెట్టనే పెట్టవు, పావు ట్యాంకుకి పైన ఉంచుకో. ఇంక వేగం కంటే ఆర్పీఎం ముఖ్యం, 2000 పైన నిలకడగా. ఐదో గేర్లో 60లో ఈడ్చుకుంటూ పోతే 1500 దగ్గరే ఉంటావు, వేడి చాలదు. ఒక గేరు తగ్గించి నడుపు. స్పీడ్ లిమిట్ దాటక్కర్లేదు, కెమెరాలున్నాయి.

సిల్క్‌బోర్డు_బాధితుడు
ఓహో! నేను మైలేజ్ కోసం ఎప్పుడూ పై గేర్లోనే పోతుంటా. రేపే చూస్తా.

జయనగర్_జయంత్
అప్‌డేట్. మొదటి చోట అంకెలు చూపించమంటే "సార్ అవన్నీ కస్టమర్‌కి ఇవ్వం" అన్నారు. టో చేయించి విల్సన్ గార్డెన్ వైపు ఇంకో గ్యారేజీకి తీసుకెళ్ళా. ఆయన స్కానర్ పెట్టే ముందే కిందకి దూరి టార్చ్ వేసి పిలిచాడు. ఫిల్టర్ నుంచి ప్రెజర్ సెన్సార్‌కి పోయే రెండు సన్న రబ్బరు పైపుల్లో ఒకటి వేడికి ఎండిపోయి, క్లిప్ దగ్గర సన్నగా నోరు తెరుచుకుని ఉంది. గోరుతో తీస్తే పొడిపొడిగా రాలింది. పైపు మార్చాడు, పాత ఆయిలు తీసేసి సీ3 పోశాడు, ఆయిల్ ఫిల్టర్ మార్చాడు. తర్వాత బండిని షెడ్డు బయట ఆరుబయట పెట్టి స్కానర్‌తో ఫోర్స్‌డ్ రీజెన్ పెట్టాడు. ఇంజిన్ దానంతటదే రేజ్ అవుతుంటే సైలెన్సర్ దగ్గర గాలి అలలు అలలుగా కనపడింది, కింద ఎండుటాకులున్నాయని కుర్రాడు ముందే చీపురుతో ఊడ్చేశాడు. అయ్యాక మసి అంకె బాగా పడిపోయింది, రెండు లైట్లూ పోయాయి, పికప్ వచ్చింది. అన్నీ కలిపి 14 వేలు.

అనంత_డీజిల్
లక్షా ఇరవై యాడికి పోయె మరి!

హైటెక్_హన్మంతు
మంచిగయింది అన్నా. నేను జెప్పింది ఇనకపోవుడే మంచిదైంది నీకు.

నెల్లూరు_నాని
మరి ఆ పైపే కారణమా, లేక స్కూలు ట్రిప్పులా?

గేర్‌బాక్స్_గిరి
రెండూ. పైపు చీలితే ప్రెజర్ తేడా తప్పుగా కనపడుతుంది, ఈసీయూ లెక్క తప్పుతుంది. ఆయిల్లో డీజిల్ కలిసింది మాత్రం చిన్న ట్రిప్పుల వల్లే, దానికి పైపుతో పని లేదు. జయంత్, ఇదే వాడకమైతే ఇదే లైటు మళ్ళీ వస్తుంది, ఇప్పుడే చెప్తున్నా. ఆదివారం ఆదివారం పనిగట్టుకుని హైవే ఎక్కాలి. లేదా బండి మార్చాలి.

జయనగర్_జయంత్
అదే ఇంట్లో మాట్లాడా. మా బావ హిందూపురంలో ఉంటాడు, ఉద్యోగం ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ వైపు, రోజూ పోయొస్తాడు. ఆయనది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నా డీజిల్ ఆయనకిచ్చి ఆయన పెట్రోల్ బండి నేను తెచ్చుకుంటే ఇద్దరికీ కుదురుతుంది. అమ్మడాలు కొనడాలు ఏం లేవు, ఊరికే మార్పిడి.

కేఆర్‌పురం_కృష్ణ
ఐడియా బాగుంది. కానీ ఆ బండి ఏపీ నంబరు కదా? సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఏపీ ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, బోలెడు తిరుగుడు.

నెల్లూరు_నాని
30 రోజులు కదా? నన్ను అలానే భయపెట్టారు కోరమంగళలో.

కేఆర్‌పురం_కృష్ణ
2014లో కర్ణాటక అలా చట్టం మార్చింది, 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ కట్టాలని. 2016లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఏడాదే లెక్క. కానీ ఇక్కడికి ఎప్పుడొచ్చామో చూపించుకోవాల్సింది మనమే.

లలిత_వైట్‌ఫీల్డ్
అటు కేఏ నంబరు బండి హిందూపురంలో ఉన్నా అదే రూలు కదండీ. ఇద్దరికీ వర్తిస్తుంది.

పెట్రోల్_పక్షం
పదకొండు నెలలకోసారి బండ్లు మార్చుకోండి, సంక్రాంతికి కలిసినట్టూ ఉంటుంది.

అనంత_డీజిల్
నవ్వుతారు గానీ, హిందూపురం ఎంత దూరమప్పా? పండక్కి ఎట్లా పోతాడు.

గేర్‌బాక్స్_గిరి
ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దాచుకో. ఎన్‌హెచ్ 44 మీద పోతే బాగేపల్లి టోల్ ఎంట్రీలుంటాయి, ఎవరైనా ఆపితే చూపించుకోడానికి పనికొస్తాయి. రెండు బండ్ల ఇన్సూరెన్స్ కూడా ఓసారి చూసుకో. లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా పాలసీ నడుస్తుంది గానీ, ఆ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఆర్‌సీలో పేరున్న ఓనర్‌కే.

జయనగర్_జయంత్
అది తెలీదు అన్నా. బావకి వేరే పాలసీ ఉందో లేదో అడుగుతా.

లలిత_వైట్‌ఫీల్డ్
అలాగే ఫ్యాన్ హోరుమంటుంటే బండి ఆపొద్దని కూడా చెప్పండి ఆయనకి.

జయనగర్_జయంత్
చెప్పా లలిత గారూ. మా బావ బండి ఎక్కితే మధ్యలో టీకి కూడా ఆపడు, ఆ విషయంలో మా అక్క కంప్లయింట్ చాలా పాతది.